కొండ తాగగా మిగిలిన నీళ్ళు

(కార్తీక మాసానికి కొద్ది రోజుల ముందు ఉదయగిరిలో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు ముప్పై ఏళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల బడుల్లో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మాత్రం ఆయనవే.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ముందు వరసలో కుర్చీలున్నాయి. ఆ తలుపు దగ్గర నిలబడ్డ పిల్లలు కూడా ఇటు రండి. వెనక వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను, అలవాటే.

నాకు రాసిచ్చిన కాయితం మీద "మన ప్రాంత జలపాతాలు, ఎకో టూరిజం" అని ఉంది. చూసి కాసేపు ఆలోచనలో పడ్డాను. జలపాతం అనే మాట నాకు బడికి పోయాక పుస్తకంలో తెలిసింది. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. మా అమ్మ "కోనలో నీళ్ళు దుముకుతా ఉండాయంటరా, పోదామా" అనేది. మీ ఇళ్ళలోనూ అంతే కదా? ఎవరింట్లో అయినా నాయనమ్మ "జలపాతానికి పోదాం రా" అని పిలిచిందా? పిలిచి ఉండదు.

మనకి మాటలు లేక కాదు. నీళ్ళు పడీ పడీ లోతైన చోటు గుండం. బండ మీద వాన నీళ్ళు నిలిచే గుంట దొన. ఏటి ఇసకలో చేత్తో తవ్వుకునేది చలమ. రాతి సందులోంచి చెమ్మగా కారేది ఊట. ఇన్ని మాటలున్న జనం, నీళ్ళు పడే ఆ ఒక్క చోటుకి విడిగా పేరు పెట్టుకోలేదు. భైరవకోన అన్నారు, పెంచలకోన అన్నారు, దక్షిణానికి పోతే సిద్ధులయ్యకోన, ఇంకా అటు పోతే తలకోన. అన్నీ కోనలే. కోన అంటే ఏంది? రెండు కొండల నడిమి సందు మొత్తం. అటు కొండ, ఇటు కొండ, మధ్యలో వాగు, చెట్టూ చేమా, పైన కోతులు, కింద దేవుడు, అన్నీ కలిపి కోన. నీళ్ళు పడే చోటుకి పెట్టిన పేరు కాదు అది, నీళ్ళు పుట్టే తావు మొత్తానికి పెట్టిన పేరు. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. మనం ఫోన్ పట్టుకుని కింద నిలబడి ఫోటో తీస్తున్నాం. అసలు సంగతి పైన ఉంది.

ఒక ప్రశ్న అడుగుతాను, పిల్లలు చెప్పాలి. వాన పడి పదిహేను రోజులైంది అనుకోండి. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా కోనలో నీళ్ళు దుముకుతూనే ఉంటాయి. ఎక్కడివి ఆ నీళ్ళు? పైన చెరువు లేదు, డ్యాము లేదు. మరెక్కడివి?

కొండలోవి. అవునమ్మా, నువ్వు చెప్పింది కరెక్టే, కొండే దాచుకుంది. వాన చినుకు ముందు ఆకు మీద పడుతుంది, ఆకు మీంచి కొమ్మకి, కొమ్మ మీంచి కింద రాలిన ఎండాకుల మీదికి జారుతుంది. ఆ ఎండాకుల పొర తడిసిన గోనెపట్టా లాంటిది, నీళ్ళని వెంటనే వదలదు. నెమ్మదిగా మట్టిలోకి దించుతుంది. మట్టిలోంచి వేళ్ళ వెంట రాతి పగుళ్ళలోకి పోతాయి. ముందు కొండ కడుపు నిండాలి. నిండాక, ఇంక పట్టనివి ఊటగా బయటికొస్తాయి. మనం "అబ్బ, ఎంత బాగుందో" అని తల తడుపుకునే నీళ్ళు కొండ తాగగా మిగిలిన నీళ్ళు. పైన అడవి పలచబడిందనుకోండి, వేసవిలో ఎవడో ఆర్పకుండా పడేసిన చుట్టముక్కకి ఆ ఎండాకు పొర కాలిపోయిందనుకోండి, కొండకి తాగే తీరిక ఉండదు. పడ్డ వాన పడ్డట్టే ఎర్రగా రెండు గంటలు ఉరికి వచ్చి, మూడో గంటకి బండ ఆరిపోతుంది. వాన అంతే పడింది. కొండ తాగలేదు.

ఇప్పుడు మీకు రెండు వస్తువులు చూపిస్తాను. ఇంట్లోంచి తెచ్చాను. ఇదిగో, ఈ చేతిలోది ఏమిటో పెద్దవాళ్ళకి చూడగానే తెలుస్తుంది. పలక ముక్క. చెక్క ఫ్రేము ఊడిపోయిన మార్కాపురం పలక. మనలో నలభై దాటినవాళ్ళంతా దీని మీదే అ ఆలు దిద్దాం. ఈ చేతిలోది గులకరాయి, వాగులో ఏరింది. తెల్లగా, కాస్త గులాబీ రంగులో ఉంది. వెనకున్నవాళ్ళకి కనిపిస్తోందా? సరే, ఇప్పుడు ఈ చాకుతో పలక మీద గీస్తున్నాను. చూడండి, గీత పడింది, పొడి రాలింది. అంచు పట్టుకుని గోరు దూరిస్తే పొరలు పొరలుగా లేస్తుంది, ఇదిగో. ఇప్పుడు ఈ రాయి మీద గీస్తున్నాను. రాయికి ఏమీ కాలేదు. గీత ఉన్నట్టు కనిపించేది చాకు ఇనుము అంటుకున్న మరక, తుడిస్తే పోతుంది. అరిగింది చాకే.

ఈ రెండు రాళ్ళే మన కోనల్ని చేశాయి. మెత్తటిది పలకరాయి, గట్టిది క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రం చదివినవాళ్ళని అడగండి, పలకరాయి ఉన్న పొరలని కంభం ఫార్మేషన్ అంటారు, మన కంభం పేరే. గట్టి రాయిని బైరెన్‌కొండ క్వార్ట్‌జైట్ అంటారు, నల్లమలలో బైరేనికొండ అనే ఎత్తైన కొండ పేరు. మన ఊళ్ళ పేర్లు, మన కొండల పేర్లు శాస్త్రం పుస్తకాల్లో ఉన్నాయి, మన పిల్లలకే తెలియదు. వంద కోట్ల ఏళ్ళు దాటిన రాళ్ళివి. ఈ గట్టిది ఒకప్పుడు సముద్రం ఒడ్డున ఇసక. కొన్ని బండల మీద జాగ్రత్తగా చూస్తే మైపాడులోనో కొత్తపట్నంలోనో నీళ్ళు వెనక్కి పోయాక ఇసక మీద అలల గీతలు మిగులుతాయే, అవే గీతలు రాతి మీద ఉంటాయి. వేలు పెట్టి తడిమి చూడండి ఈసారి. తర్వాత భూమి వైపుల నుంచి నొక్కుకుని ఈ పొరలు దుప్పటి ముడతలు పడ్డట్టు ముడతలు పడ్డాయి. మెత్తటి చోట వాన కొరికేసింది, లోయ అయింది. గట్టి చోట గోడలాగా నిలబడింది. వాగు వచ్చి ఆ గోడ అంచు మీంచి కిందికి దుమకడమే మనం చూసేది. అంతే. ఒకే కొండ మన చేతికి పలకనీ ఇచ్చింది, మన కంటికి నీళ్ళనీ ఇచ్చింది.

ఎప్పుడు వెళ్ళాలి అని చాలామంది అడుగుతారు. వీడియో చూసి మే నెలలో కార్లేసుకుని వస్తారు, బండ మీద చెమ్మ కూడా ఉండదు, తిట్టుకుంటూ పోతారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. రాష్ట్రంలో చాలాచోట్ల వాన అంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకి అట్లా కాదు. నెల్లూరు జిల్లాకి ఏడాది వానలో సగం పైన అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. సముద్రం మీంచి వచ్చే మబ్బుకి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా నిలబడింది వెలిగొండ. వాయుగుండం ఒకటి తగిలితే చాలు, కొండ వారం రోజుల్లో నిండిపోతుంది. మన పెద్దలు కార్తీకంలో కోన స్నానం అన్నారంటే ఊరికే అనలేదు, నీళ్ళున్న నెల అది. నల్లమల వైపు కాస్త ముందు, ఆగస్టు నుంచే మొదలవుతుంది. జనవరి దాటితే సన్నగిల్లుతుంది. అప్పుడు కూడా వెళ్ళండి, పోవద్దనను, అప్పుడు రాళ్ళు చదవడానికి వెళ్ళండి.

భైరవకోన సంగతికి వద్దాం. మనకి దగ్గర, సీతారామపురం మీదుగా పోతాం. ఉమ్మడి ప్రకాశం జిల్లా చంద్రశేఖరపురం మండలం, కొత్తపల్లి పక్కన. నీళ్ళు సుమారు 200 అడుగుల పైనుంచి పడతాయి. అంతకంటే నాకు ఆశ్చర్యం ఆ గుళ్ళు. ఒకే కొండని తొలిచి ఎనిమిది శివాలయాలు చెక్కారు, ఏడు తూర్పుకి చూస్తాయి, ఒకటి ఉత్తరానికి. ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివని చెబుతారు. స్తంభాలు, ద్వారపాలకులు అన్నీ కొండరాతిలోనే ఉన్నాయి, లింగాలు మాత్రం వేరే రాయి తెచ్చి నిలిపారు. కార్తీక పౌర్ణమి రాత్రి చంద్రుడి వెలుగు దుర్గాంబ అమ్మవారి మీద పడుతుంది, దానికోసం జనం తెల్లవార్లూ కూర్చుంటారు. ఇందాక నేను చాకుతో గీసినప్పుడు ఏమైందో చూశారు కదా. ఉలీ సుత్తీ తప్ప ఏమీ లేని మనుషులు కొండని తొలిచి ఎనిమిది గుళ్ళు చేశారు. ఇప్పుడు మనవాళ్ళు వెళ్ళి ఆ గోడ మీద మేకుతో పేర్లు చెక్కి వస్తున్నారు. పన్నెండొందల ఏళ్ళు దేవుడి కోసం నిలిచిన రాయి మీద, మనం మన పేరు. బాధగా ఉంటుందయ్యా చూస్తే. నిజంగా బాధగా ఉంటుంది.

అక్కడే జరిగిన ఒక సంగతి చెబుతాను. ఇరవై ఏళ్ళకు పైమాటే. తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మందిని తీసుకుపోయాను. మధ్యాహ్నం అయింది, ఎండ కాస్తోంది, పిల్లలు గుండంలో, బండల మీద. టిఫిను బాక్సులు ఒడ్డున వరసగా పెట్టారు. నేను నీడలో కూర్చున్నాను. గొర్రెలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన అటువైపు బండ మీద నిలబడి ఉన్నాడు, భుజాన కంబళి. ఉన్నట్టుండి అరిచాడు. "అయ్యవారూ, పిలకాయల్ని పైకి లాగు! లాగు!" నాకు అర్థం కాలేదు. ఎండ కాస్తోంది కదా. "ఏంది పెద్దాయనా" అంటే, నా వైపు చూడనే లేదు, నీళ్ళ వైపే చెయ్యి చూపిస్తూ దిగొచ్చి, అందిన పిల్లని అందినట్టు రెక్క పట్టి పైకి లాగుతున్నాడు.

అప్పుడు చూశాను. అప్పటిదాకా అడుగున రాయి కనపడిన నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఎండుటాకులు, పుల్లలు, తెల్లటి నురుగు తేలుతూ వస్తున్నాయి. పైనుంచి పడే చప్పుడు మారింది, సన్నటి చప్పుడు పోయి బొంగురుగా, డప్పు మీద చెయ్యి వేసి కొట్టినట్టు. తడిమట్టి వాసన. నేనూ పరిగెత్తాను, అరిచాను, లాగాను. అందరూ ఎత్తుబండ మీదికి ఎక్కారు. లెక్క పెట్టాను. ముప్పై తొమ్మిది. నా గుండె ఆగిపోయింది. మళ్ళీ లెక్క పెట్టాను, ముప్పై తొమ్మిదే. నలభయ్యో వాడు ఆ పెద్దాయన కంబళి వెనకాల, ఆయన పంచె పట్టుకుని వణుకుతూ ఉన్నాడు. ఐదు నిమిషాలు కూడా కాలేదు, పిల్లలు ఆడుకున్న బండ నీళ్ళలో మునిగిపోయింది. టిఫిను బాక్సులు ఒక్కటీ మిగల్లేదు. పైన ఎక్కడో, మాకు కనపడని కొండ మీద వాన పడింది. మా మీద చినుకు పడలేదు.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. నీళ్ళ రంగు మారినా, చెత్త తేలినా, చప్పుడు మారినా ఫోన్, చెప్పులు, బట్టలు అన్నీ వదిలేసి ఎత్తుకి ఎక్కాలి, అదొకటి గుర్తుపెట్టుకోండి. వాగు దాటి అవతలికి వచ్చేద్దాం అని చూడకూడదు, ఏ ఒడ్డున ఉంటే ఆ ఒడ్డునే పైకి. పాచి పట్టిన బండ మీద చెప్పులతో నడవకూడదు, పైనుంచి గుండంలోకి దూకకూడదు, పోయిన ఏడాది లేని రాయి, కొట్టుకొచ్చిన మాను ఈ ఏడాది అడుగున ఉండొచ్చు. తాగి అసలు దిగకూడదు. ఇవన్నీ మీకు తెలిసినవే. నేను ఆ రోజు నేర్చుకున్నది ఇంకొకటి. భూగోళం చెప్పే అయ్యవారిని నేను. నాకు కనపడనిది ఆయనకి కనపడింది. ఎందుకు కనపడింది? ఆయన బతుకంతా ఆ కొండ మీదే గడిచింది కాబట్టి. ఈ మాట పక్కన పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పెంచలకోన. ఈ హాల్లో పెంచలయ్యలు ఎంతమంది? చేతులెత్తండి. ఒకటి, రెండు, మూడు, ఆ మూల నాలుగు. పెంచలమ్మలు? ఇద్దరు. చూశారా, నెల్లూరు జిల్లాలో ఏ ఊళ్ళో కేక వేసినా ఒక పెంచలయ్య పలుకుతాడు. రాపూరు మండలంలో ఉన్న ఒక కోన జిల్లా అంతా మనుషుల పేర్లయింది. పెనుశిల అనే మాటే పెంచల అయిందంటారు. నరసింహస్వామి, చెంచులక్ష్మి అమ్మవారు. అడవి పిల్లని స్వామి పెళ్ళాడిన కథ అది. గుడి వెనక నుంచి పైకి నడిస్తే నీళ్ళు వస్తాయి. ఆ కోన నీళ్ళు కండలేరులో కలుస్తాయి. కండలేరు ఎక్కడ సముద్రంలో కలుస్తుంది? కృష్ణపట్నం దగ్గర. పెంచలకోనలో మనం వదిలిన షాంపూ ప్యాకెట్టు దారిలో ఎక్కడా చిక్కుకోకపోతే ఆఖరికి ఓడరేవు దగ్గర తేలుతుంది. కండలేరు జలాశయంలోకి సోమశిల నుంచి పెన్న నీళ్ళు కూడా వస్తాయి, అక్కడి నుంచి తెలుగుగంగ కాలువలో 152 కిలోమీటర్లు నడిచి తమిళనాడు సరిహద్దుకి చేరతాయి, చెన్నై తాగుతుంది. 1996 నుంచి తాగుతోంది.

ఆ అడవి శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం, కొంత మన నెల్లూరుది, కొంత కడపది. ఎర్రచందనం ఉన్న అడవి. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు మన ఈ నాలుగైదు జిల్లాల కొండల్లో పెరుగుతుంది, దానికోసం ఎన్ని ఘోరాలు జరుగుతున్నాయో పేపర్లో చదువుతూనే ఉన్నారు. ఇంకొక సంగతి పిల్లల కోసం చెబుతాను. 1840ల్లో నెల్లూరులో జెర్డన్ అని ఒక దొర డాక్టరుగా పనిచేశాడు. పక్షులంటే ప్రాణం. యానాదుల్ని అడిగి పక్షులకి, జంతువులకి తెలుగు పేర్లు రాసుకునేవాడు. ఆయనకి మన కొండల దగ్గర ఒక పక్షి దొరికింది, 1848లో శాస్త్రం పుస్తకాల్లోకి ఎక్కింది. మనవాళ్ళు దాన్ని కలివి కోడి అంటారు, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయింది అనుకున్నారు. 1986లో కడప వైపు లంకమల అడవిలో మళ్ళీ దొరికింది. ఎవరు పట్టుకొచ్చి చూపించారు? మళ్ళీ అక్కడి మనిషే, ఆ ఊరి మనిషే, రాత్రిపూట లైటు వేసి పట్టుకున్నాడు. పోయిందనుకున్న పక్షికి దారి చూపింది ఆ అడవి పక్కన బతికే మనుషులే.

పశ్చిమ ప్రకాశం గురించి మాట్లాడకపోతే తప్పు. గిద్దలూరు, మార్కాపురం, కనిగిరి అంటే మనకి కరువు గుర్తొస్తుంది, ఫ్లోరైడ్ నీళ్ళు గుర్తొస్తాయి. ఆ ప్రాంతంలోనే నెమలిగుండ్ల రంగస్వామి ఉన్నాడు. రాచర్ల మండలం, జేపీ చెరువు దగ్గర. రెండు కొండల ఇరుకులోంచి గుండ్లకమ్మ ఏరు వచ్చి గుండంలో పడుతుంది. నెమలి ముక్కుతో తవ్విన గుండం అని కథ. శనివారం శనివారం జనం వెళతారు. ఆ గుండంలో పడ్డ నీళ్ళు అక్కడితో ఆగవు, కిందికొచ్చి కంభం చెరువులో చేరతాయి. రెండు కొండల మధ్య సందు చూసి అడ్డంగా కట్ట వేసిన చెరువు అది, విజయనగర రాజుల కాలం నాటిది, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. 2020లో దాన్ని అంతర్జాతీయ సంస్థ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. నాకేమనిపిస్తుందంటే, ఆ కట్ట వేసినవాళ్ళు కింద నిలబడి పైకి చూశారు. ఎక్కడ అడవి ఉంది, ఎంత నీళ్ళు దిగుతాయి, ఎక్కడ కొండలు దగ్గరికొచ్చాయి, అన్నీ చూసి కట్టారు. కట్ట ఇంకా ఉంది. పైన అడవి సంగతి మన చేతుల్లో ఉంది.

ఎర్రగొండపాలెం వైపు పాలంక వీరభద్రుడి దగ్గర కూడా నీళ్ళు దుముకుతాయి, తొలి ఏకాదశికి తిరునాళ్ళ. అది పులులున్న అడవి, ఇష్టమొచ్చినప్పుడు పోయే చోటు కాదు. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు గురించి ఈరోజు చెప్పను, అవి 2022లో తిరుపతి జిల్లాకి పోయాయి, పోయినా మనవే, వాటికి ఒక పూట వేరే కావాలి.

మరి ఎకో టూరిజం అంటే

ఇందాక పక్కన పెట్టిన మాటకి వస్తాను. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఒక కుటుంబం కారులో భైరవకోన వచ్చింది అనుకుందాం. డీజిల్ బయల్దేరిన ఊళ్ళోనే పోయించుకున్నారు. బిర్యానీ, నీళ్ళ సీసాలు, చిప్సు అక్కడే కొన్నారు. సాయంత్రానికి వెళ్ళిపోయారు. కొత్తపల్లికి ఏం మిగిలింది? ఆలోచించండి. ఖాళీ సీసాలు, విస్తళ్ళు, పగిలిన బీరు సీసాల గాజు పెంకులు. చెప్పుల్లేకుండా గుడికి నడిచే ముసలమ్మ కాల్లో దిగేది ఆ పెంకే. ఇది టూరిజం ఎట్లా అవుతుంది? డబ్బు ఒక ఊరికి, చెత్త ఒక ఊరికి. ఎకో టూరిజం అంటే అడవిలో ఏసీ గదులు కట్టడం అనుకుంటున్నారు కొంతమంది. కాదు. కొండని కాపాడితే తమకి కూడు దొరుకుతుందని కొండ కింద ఊరికి అనిపించాలి. అది జరిగితే ఎకో టూరిజం, జరక్కపోతే మామూలు పిక్నిక్.

జరుగుతుందా అంటే, జరిగిన చోట్లున్నాయి. తలకోనలో నెరబైలు వన సంరక్షణ సమితి వాళ్ళు అటవీ శాఖతో కలిసి బస, భోజనం, దారి చూపడం నడిపించారు. మన దోర్నాల – శ్రీశైలం రోడ్డులో తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ జీపుల్లో సఫారీ తిప్పుతోంది. ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి తెల్లారి 6 దాకా బండ్లు ఆపేస్తారు, అడవి జంతువులు దాటుకోవాలని. విసుక్కోకండి, పగలు మనది, రాత్రి వాటిది. పులుల జాడ తీసే పనిలో చెంచు కుర్రాళ్ళు ఉన్నారు, బేస్ క్యాంపుల్లో ఉండి కాలిగుర్తు చూసి చెబుతారు. వాళ్ళ తాతలు తేనె కోసం తిరిగిన దారులే అవి. ఆ చదువుకి జీతం ఇస్తున్నారు, అది నాకు చాలా తృప్తిగా ఉంది. ఆ రోజు నా పిల్లల్ని కాపాడిన పెద్దాయనలాంటివాళ్ళు ప్రతి కోన కింద ఊళ్ళోనూ ఉన్నారు. ఆయనకి కుర్చీ వేసి, రోజు కూలి ఇచ్చి, "నువ్వు దిగమంటే దిగుతారు, ఎక్కమంటే ఎక్కుతారు" అని వచ్చినవాళ్ళతో చెప్పించే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? సీజన్ మూడు నెలలే కదా. పార్కింగు డబ్బు పంచాయతీకి పోనివ్వండి, దాంట్లోంచి ఇవ్వండి.

తిండి సంగతి కూడా అంతే. ఇంట్లో ఆడవాళ్ళు ముందు రోజు ఫోన్ చేస్తే సంగటి, నాటుకోడి పులుసు, చింతకాయ పచ్చడి వండి పెట్టగలరు, ఆకులో. సీసాలు, ప్యాకెట్లు తేవాల్సిన పనే లేదు. మన ఉదయగిరి చెక్క చెంచాలు ఎక్కడెక్కడికో పోతున్నాయి, నర్ది, బిక్కి కొయ్యలతో ఇక్కడి చేతులు చెక్కినవి. నేను వెళ్ళినప్పుడల్లా చూస్తాను, కోన దగ్గర కొట్లలో ప్లాస్టిక్ బొమ్మలు ఉంటాయి, మన చెంచా కనపడదు. ఒక బల్ల వేసుకుని అమ్మితే ఎవరు వద్దంటారు? ఇక్కడ ఆ పని చేసే అక్కచెల్లెళ్ళు ఉన్నారు, మీటింగ్ అయ్యాక మాట్లాడుకుందాం, ఊరికే పోవద్దు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను, ఎవరికైనా కోపం వచ్చినా పర్వాలేదు. గుండంలో సిమెంటు మెట్లు కట్టొద్దు. స్నానానికి సౌకర్యం అని పైపులు పెట్టి ఊట మళ్ళించొద్దు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి గదులు, మరుగుదొడ్లు కావాలి, తప్పకుండా కావాలి, అవి లేక ఎంత ఇబ్బంది పడుతున్నారో నాకు తెలుసు. అవి కింద, బండ్లు ఆగే చోట కట్టండి. నీళ్ళకి దూరంగా కట్టండి. వాగు లోపల ఒక్క తట్ట కాంక్రీటు కూడా వద్దు. ఆ గుండంలో చేపపిల్లలున్నాయి, ఎండ్రకాయలున్నాయి, తోకకప్పలున్నాయి, కూర్చుని పది నిమిషాలు చూడండి, మీ కాలి వేళ్ళ దగ్గరికి వచ్చి కొరుకుతాయి. సబ్బు, షాంపూ పెట్టుకుని అందులో దిగితే అవి ఏమవ్వాలి? కింద ఊళ్ళో గొడ్లు తాగేది ఆ నీళ్ళే కదా?

ఎవరో అడుగుతున్నారు... ఆ, పిల్లల్ని తీసుకుపోవచ్చా అని. తీసుకుపోవాలమ్మా. తీసుకుపోకపోతే ఎట్లా తెలుస్తుంది వాళ్ళకి? నేను ఆ రోజు తర్వాత రెండేళ్ళు ఎవర్నీ తీసుకుపోలేదు, టెన్షన్. తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను, కాకపోతే వెళ్ళగానే ముందు గొర్రెల కాపరి ఎవరున్నారో వెతుక్కుని, ఆయనతో మాట్లాడాకే పిల్లల్ని దిగనిచ్చేవాణ్ణి.

ఈ కార్తీకంలో మొదటి ఆదివారం భైరవకోన పోతున్నాం. పౌర్ణమి రోజు కాదు, ఆ రోజు జనం ఎక్కువ, మనం పోయి ఇరుకు చేయడం ఎందుకు. పొద్దున ఆరింటికి బస్టాండు దగ్గర కలుద్దాం. ఎవరి నీళ్ళు వాళ్ళు స్టీలు సీసాలో తెచ్చుకోండి. పాత గుడ్డ చెప్పులు కాకుండా గట్టి పట్టున్నవి వేసుకోండి. మధ్యాహ్నం భోజనం కొత్తపల్లిలో ఒక ఇంట్లో చెప్పాను, మనిషికి ఇంత అని వాళ్ళ చేతికే ఇద్దాం. నా దగ్గర పది గోనె సంచులున్నాయి, ఉతికి మడిచి పెట్టాను, గాజు పెంకులు ఏరడానికి తోలు చేతి తొడుగులు ఎవరింట్లో అయినా ఉంటే తీసుకురండి. పేర్లు ఈ టేబుల్ దగ్గర రాయించండి. ఆ పలక ముక్క ఒకరి నుంచి ఒకరికి తిప్పండి, అందరూ గోరుతో పొర లేపి చూడండి, చివర్లో నాకు ఇచ్చేయండి, వేరే బడికి కూడా తీసుకుపోవాలి.